ఎవరి బ్యాగు వాళ్ళు సర్దుకోకూడదు

ఉన్ని మేజోళ్ళు ఆరు జతలు, మందంగా ఉన్నవి అడుగున, పల్చటివి పైన. చేతి తొడుగులు మూడు రకాలు, ఒకదానిలో ఒకటి దూర్చి, వేళ్ళు వంకర్లు పోకుండా సాపు చేసి పెట్టాడు. బూట్ల కింద కట్టుకునే ఇనుప ముళ్ళ పట్టీలను పాత తువ్వాలులో చుట్టి, పైన రబ్బరు బ్యాండు బిగించి, వీపుకి ఆనే వైపు కాకుండా అవతలి వైపు దోపాడు. తలకి కట్టుకునే దీపం, దానికి వేరే బ్యాటరీలు, పెదాలకి రాసుకునే మైనం, మోకాలికి వేసుకునే బిగువు పట్టీ. పళ్ళసెట్లు తయారు చేసే చేతులవి. ముప్ఫై నాలుగేళ్ళుగా పరాయి వాళ్ళ దవడల అచ్చుల్లో వెంట్రుకవాసి తేడా కూడా రాకుండా పళ్ళు గుచ్చిన చేతులు. ఇవాళ మాత్రం జిప్పు రెండుసార్లు బట్టలో ఇరుక్కుంది. గోడ గడియారంలో రెండు దాటి నాలుగు నిమిషాలు. మూడింటికి కారు వస్తుంది. కొండకి వెళ్ళేది భార్య, బ్యాగు సర్దేది భర్త. ఆ ఇంట్లో అది నియమం. అతని చొక్కా జేబులో ఒక నీలం కవరు ఉంది. అది అక్కడ ఉండకూడదు.

అది బ్యాగు పై అరలో, జిప్పు ఉన్న చోట ఉండాలి. పది నిమిషాల కిందట అక్కడే ఉంది. పెట్టిందీ అతనే, తీసిందీ అతనే. అందులో ఉన్నది ఒకే ఒక్క కాగితం. ఈ మనిషి గుండె, ఊపిరితిత్తులు, మోకాళ్ళు పై ఎత్తులకి పనికొస్తాయని డాక్టరు రాసి, సంతకం పెట్టి, గుండ్రటి సీలు కొట్టిన కాగితం. యాభై దాటిన వాళ్ళు అది చూపించకపోతే కింది శిబిరం దాటి ఒక్క అడుగు వెయ్యనివ్వరు. ఫోనులో ఫోటో చూపిస్తే కుదరదు, సీలున్న అసలు కాగితమే కావాలి. ఆమెకి యాభై ఆరు. శిబిరం చేరిన మర్నాడు పొద్దున్నే గుంపు కదులుతుంది, ఎవరి కోసమూ ఆగదు. అంటే ఏమవుతుంది? ఆమె అక్కడే ఆగిపోతుంది. విసుక్కుంటుంది. నాలుగు రోజుల్లో ఇంటికి వచ్చేస్తుంది. కాళ్ళూ చేతులూ సరిగ్గా ఉన్న మనిషిగా వచ్చేస్తుంది. అంతే కదా, ఇందులో ఎవరికి ఏం నష్టం, అని అతను తనలో తాను ఎన్నోసారో అనుకున్నాడు. అలా అనుకున్న ప్రతిసారీ చొక్కా జేబు కొంచెం బరువెక్కినట్టే ఉంది, ఒక కాగితానికి బరువేమిటి, గాలికి ఎగిరిపోయేది.

ఎవరి బ్యాగు వాళ్ళు సర్దుకోకూడదు, సర్దిన బ్యాగుని సొంతదారు మొదటి మజిలీ దాకా విప్పి చూడకూడదు. ఈ రెండు నియమాలూ పెళ్ళయిన మూడో ఏడు పుట్టాయి. అప్పట్లో అతను పావురాలు కొనుక్కొచ్చి, స్నేహితుడు ఊరికే ఇచ్చాడని ఇంట్లో చెప్పేవాడు. ఒక జత, ఇంకో జత, పందెం పావురాలు, కాళ్ళకి నంబర్ల రింగులున్నవి. ఆ స్నేహితుడిది ఎంత పెద్ద మనసో అని ఆమె తెగ ఆశ్చర్యపోయేది. ఆమె మాత్రం తక్కువ తిందా, కొండలెక్కే బూట్లు కొని మంచం కింద పెట్టెలో చలికాలం దుప్పట్ల మధ్య దాచేది, తాడు కొని దాన్ని చుట్ట చుట్టి దిండు గలీబులో కుక్కేది. ఒకరోజు అతను చలేసి దుప్పటి కోసం పెట్టె తెరిచాడు. ఆ వారంలోనే ఆమె బజారులో ఆ స్నేహితుడి భార్య కనబడితే కృతజ్ఞతలు చెప్పబోయింది, ఆవిడ నోరెళ్ళబెట్టి, "ఊరికే ఇచ్చారా? మా ఆయనా? మా ఆయన నాకే ఏదీ ఊరికే ఇవ్వడు తల్లీ" అంది. ఆ సాయంత్రం ఇంట్లో జరిగిన యుద్ధం తలుచుకుంటే ఇప్పటికీ చెవులు గింగురుమంటాయి. నువ్వు దాచావంటే మీరు దాచారు. అబద్ధమాడలేదు, చెప్పలేదంతే. చెప్పకపోవడం అబద్ధం కాదా. చివరికి అతని తల్లి గదిలోంచి చీపురు పట్టుకుని వచ్చి, "ఒకరికి ఆకాశం కావాలి, ఒకరికి కొండ కావాలి. మధ్యలో నేల ఊడ్చేది నేనా?" అంది. ముందు నవ్వింది భార్యే. తర్వాత అతను నవ్వాడు. ఇద్దరూ నవ్వడం చూసి తల్లికి మండిపోయింది.

ఒక ఏడు పావురాలది, మరుసటి ఏడు కొండది. ఎవరి ఏడులో వాళ్ళు ఏం కొనుక్కున్నా రెండోవాళ్ళు వద్దు అనకూడదు. దాచకూడదు. దాచడానికి వీల్లేకుండా, బ్యాగు ఎదుటివాళ్ళ చేతుల మీదుగా సర్దాలి, అప్పుడు కొన్న ప్రతి వస్తువూ ఎదుటివాళ్ళ వేళ్ళ కింద నుంచే పోతుంది. పావురాల పందేనికి బ్యాగు ఉండదు కాబట్టి ఆమె బుట్ట సర్దుతుంది. పందెం ముందు రోజు సాయంత్రం ఒక్కో పావురాన్నీ రెండు చేతులతో పట్టుకుని, రెక్కలు నొక్కుకోకుండా, కాలి రింగు నంబరు పైకి చదివి బుట్టలో దింపేది ఆమే. ముప్ఫై ఏళ్ళలో ఒక్క నంబరు తప్పు చదవలేదు. తప్పు చదవదు, అది ఆమె వృత్తి. ప్రెస్సులో ప్రూఫులు దిద్దే మనిషి. పెళ్ళి పత్రికలు, పాఠ్యపుస్తకాలు, మందుల డబ్బాల మీద అంటించే చీటీలు, అన్నీ ఆమె ఎర్ర పెన్ను దాటి వెళ్ళాల్సిందే. హోటలుకి వెళితే ఏం తినాలో చూడదు, జాబితాలో తప్పులు చూస్తుంది. అలాంటి మనిషి, లోకంలో అన్ని అక్షరాలనూ అనుమానంగా చూసే మనిషి, అతను సర్దిన బ్యాగుని మాత్రం ఒక్కసారి కూడా విప్పి చూసుకోలేదు. మజిలీ చేరాక కూడా చూడదు, కావలసింది కావలసినప్పుడు చెయ్యి పెట్టి తీసుకుంటుంది. మీరు సర్దారు కదా, అంటుంది. ఆ మాట గుర్తొచ్చి జేబు మీద చెయ్యి వేసుకున్నాడు. తీసి లోపల పెట్టెయ్యి, పెట్టేసి జిప్పు లాగెయ్యి. చెయ్యి కవరు దాకా వెళ్ళి, దాని అంచుని తడిమి, వట్టిగా తిరిగొచ్చింది.

కింద గేటు చప్పుడయింది. రెండు వేళ్ళు నోట్లో పెట్టుకుని వేసిన ఈల, పొడుగ్గా ఒకటి, పొట్టిగా రెండు. అరగంట ముందే వచ్చేసిందన్నమాట డ్రిల్లు టీచరు. ఆడపిల్లల బడిలో ఇరవై ఆరేళ్ళుగా పిల్లల్ని పరిగెత్తించే మనిషి, బెల్లు నొక్కే అలవాటు లేదు. భార్యకి తాడు జోడు ఆమె, ఇద్దరూ అక్కా చెల్లీ అని పిలుచుకుంటారు. కొండమీద ఇద్దరిద్దరు ఒకే తాడు కట్టుకుని నడుస్తారు, ఒకరు జారితే రెండోవాళ్ళు పట్టాలి. పందొమ్మిదేళ్ళుగా ఆ తాడుకి ఆ చివర ఒకరు, ఈ చివర ఒకరు. అతను కిటికీలోంచి తొంగి చూశాడు. తనకంటే పెద్ద బ్యాగుని వీపున మోస్తూ, ఎండకి కళ్ళు చికిలించి పైకి చూస్తోంది.

"బావగారూ! మా అక్క సామాను అయిందా, లేకపోతే పావురాలకి ముద్దులు పెడుతూ కూచున్నారా?"

"అయింది, అయింది. నీదో?"

"నాకు మొగుడా పాడా, నాది నేనే సర్దుకున్నా. ఏదో మర్చిపోయే ఉంటాను. పోయినసారి దువ్వెన మర్చిపోయాను, ఆ ముందుసారి చెంచా. వచ్చే ఏడు నా బ్యాగు కూడా మీరే సర్దిపెట్టండి, పుణ్యముంటుంది."

"చెంచా మర్చిపోకుండా చూసే మొగుణ్ణి వెతుక్కోరాదూ?"

"వెతికాను బావగారూ. మీరు దొరికేటప్పటికే మా అక్క పట్టుకుపోయింది."

వంటింట్లోంచి భార్య నవ్వు వినబడింది. ఈ నవ్వు ఒకటి. ఇంట్లో ఉన్నప్పుడు ఆమె నవ్వు వేరు, నోరు మూసుకుని ముక్కుతో నవ్వుతుంది. కొండకి వెళ్ళే రోజు మాత్రం గొంతు తెరుచుకుంటుంది. ఎప్పుడో ఒకసారి ఆ నవ్వుని అసూయగా విన్నాడు, ఎవరి మీద అసూయ, కొండ మీదా, ఈ డ్రిల్లు టీచరు మీదా? తనతో ఆమె ఒక్క తాడుకి కట్టుకుని నడిచింది లేదు. ఒక్కసారంటే ఒక్కసారి రమ్మంది, పెళ్ళయిన కొత్తలో, చిన్న గుట్ట, పిల్లలు కూడా ఎక్కేది. పావురాలకి నీళ్ళెవరు పోస్తారు, అన్నాడు. అది నిజమే, పావురాలు ఉన్నవాడు ఒక్క పూట కూడా ఇల్లు వదలకూడదు. అతని సరదా ఇంటికి కట్టేస్తుంది, ఆమె సరదా ఇంటినుంచి లాక్కుపోతుంది. ఇలాంటి ఇద్దరికీ ముడిపెట్టిన పెద్దలకి దండం పెట్టాలి. అయినా ముప్ఫై ఏళ్ళు గడిచాయి, పెద్దగా తేడా రాకుండానే గడిచాయి. ఒకరు వెళ్ళేవారు, ఒకరు వేచి ఉండేవారు. వేచి ఉండడంలో తనంత చెయ్యి తిరిగినవాడు లేడని అతను గర్వపడేవాడు. గర్వం ఎప్పుడు పోయింది? రెండేళ్ళ కిందట, ఆమె మోకాలి ఆపరేషను అయిన రోజున, ఆసుపత్రి వరండాలో, ఇక కొండలు లేవులే అనుకుని లోలోపల ఊపిరి పీల్చుకున్నప్పుడా?

లేక ఆ ఎర్ర పెట్ట వచ్చినప్పుడా. నిజం చెప్పుకో, ఇక్కడ ఎవరూ లేరు. పోయినేడు వంతు ఆమెది. పేరున్న గూటినుంచి ఒక ఎర్ర పెట్ట అమ్మకానికి వచ్చిందని కబురొచ్చింది, దాని తల్లి ఒక్క రోజులో ఎంత దూరం ఎగిరిందో చెబితే నమ్మరు. అతను రెండు రోజులు అన్నం సహించక తిరిగాడు. మూడో రోజు ఆమె ప్రూఫుల్లోంచి తలెత్తకుండానే, "నా ఏడు మీరు తీసుకోండి. మోకాలు ఇంకా కుదురుకోలేదు నాకు" అంది. తీసుకున్నాడు. ఈ ఏడు వంతు ప్రకారం అతనిదే, కానీ అరువు తీర్చాలి కదా, ఈ ఏడు ఆమెది. అది న్యాయం, దానికి వంక లేదు. కానీ పోయిన వానాకాలం గూటి పైకప్పు రేకులు తూట్లు పడ్డాయి. గింజలు తడిసి బూజు పట్టాయి. రెండు పిల్లలకి గొంతులో పుండ్లు లేచి చచ్చిపోయాయి. ఈ వానలకి రేకులు మార్చకపోతే ఎర్ర పెట్ట కూడా దక్కదు. రేకులకీ కొండకీ రెండిటికీ చాలే సంసారం కాదు ఇది. శిబిరం దాకా వెళ్ళి తిరిగొచ్చేవాళ్ళకి పై ఎత్తుకి కట్టిన సొమ్ము వెనక్కిస్తారు. ఆ సంగతి అతనికి తెలుసు. తెలుసుకోవాలని తెలుసుకోలేదు, రసీదు వెనకాల చిన్న అక్షరాల్లో ఉంది, సర్దుతుంటే కంటబడింది. కంటబడిన తర్వాతే కదా కవరు తీశావు? కాదు, ముందే తీశాను. ముందు తీశావా, తర్వాత తీశావా? గుర్తు లేదు. పది నిమిషాల కిందటి సంగతి గుర్తు లేదా?

మంచం మీద బ్యాగు నోరు తెరుచుకుని కూచుంది. అతను జిప్పు లాగేసి, పట్టీలు బిగించి, ఇక ఆ గదిలో ఉండలేక మేడమెట్లు ఎక్కాడు. భయమే. భయంతోనే తీశాను. ఆ డాక్టరు దగ్గరికి తనే తీసుకెళ్ళాడు ఆమెని. డాక్టరు వద్దంటాడని ఆశపడి వెళ్ళాడు. కుర్ర డాక్టరు, ఆమెని ఒక తిరిగే పట్టా మీద ఇరవై నిమిషాలు నడిపించి, ఒంటికి తీగలు తగిలించి, కాగితం మీద గీతలు చూసి, "మీకంటే ఆవిడ గుండె గట్టిదండీ" అని నవ్వి, టపీమని సీలు కొట్టాడు. ఆ చప్పుడు అతనికి చెంపదెబ్బలా తగిలింది. దారిలో ఆమె కాగితాన్ని వెలుతురుకి పట్టి చూసి, ఒక తారీఖు తప్పు పడిందని వెనక్కి వెళ్ళి దిద్దించుకొచ్చింది. అంత జాగ్రత్త. గుండె గట్టిదే, మోకాలు సరేననుకుందాం, మంచు మాటేమిటి? మంచుకి ఎవరు సీలు కొట్టారు? జారే రాయికి ఎవరు సంతకం పెట్టారు? అంటే భయమే కదా. ఆమె బతికుండాలనే కదా. ఒక మనిషి బతికుండాలని కోరుకోవడం తప్పెప్పుడయింది?

మేడ మీద వేడికి తారు వాసన వేస్తోంది. అతని అడుగు చప్పుడు వినగానే గూటిలో గుసగుసలు మొదలయ్యాయి, గోళ్ళు చెక్క మీద టకటకమన్నాయి. రేకుల తూట్లలోంచి ఎండ చుక్కలు చుక్కలుగా గింజల తొట్టి మీద పడుతోంది. మగవి ఒక వైపు, పెట్టలు మరో వైపు, మధ్యలో వల. వచ్చే ఆదివారం పందెం. వారం ముందే జంటల్ని విడదీస్తారు. ఒకదాన్నొకటి చూడకుండా ఉంచుతారు. బుట్టలోకి ఎక్కించే ముందు మాత్రం అయిదు నిమిషాలు పెట్టని చూపిస్తారు, అయిదంటే అయిదు, ఆరో నిమిషం రాకుండా తీసేస్తారు. ఇక ఆ మగది ఎక్కడ వదిలినా, ఎన్ని కొండలు అడ్డమున్నా, ఆ అయిదు నిమిషాల కోసం గుండె పగిలేలా ఎగిరి వస్తుంది. ఈ పద్ధతి చెప్పినప్పుడు మొదట్లో ఆమె మొహం చిట్లించింది. "దాని ప్రేమని మీరు పెట్రోలు చేసుకుంటున్నారండీ" అంది. అతను బాగా నవ్వాడు, ఆ మాటను పావురాల వాళ్ళందరికీ చెప్పుకుని తిరిగాడు. ఇప్పుడు నవ్వు రాలేదు. వల అవతల ఎర్ర పెట్ట మెడ వంచి ఒంటి కన్నుతో అతన్నే చూస్తోంది. చూడకు, అన్నాడు దానితో, పైకే అన్నాడు.

ఆరేళ్ళ కిందటి గాలివాన. పదిహేడు పావురాలు పందేనికి వెళితే ఆరు వచ్చాయి. పదకొండు రాలేదు. అతను మూడు రోజులు ఇక్కడే, ఈ నీళ్ళ తొట్టి పక్కన, మెడ పైకెత్తి కూచున్నాడు. పనికి వెళ్ళలేదు, ఎవరిదో పై దవడ సెట్టు సగంలో ఆగిపోయి, ఆ ముసలాయన పళ్ళు లేకుండా మనవరాలి పెళ్ళికి వెళ్ళాడు. ఆమె ప్రెస్సుకి సెలవు పెట్టింది. ఒక ముక్కాలిపీట తెచ్చుకుని పక్కనే వేసుకుని కూచుంది. వస్తాయిలెండి అనలేదు. పోతే పోయాయిలెండి అనలేదు. ప్రూఫులు ఒళ్ళో పెట్టుకుని దిద్దుకుంటూ, అతను తల దించినప్పుడు తను ఎత్తి చూస్తూ, ఆకాశాన్ని ఇద్దరూ వంతులు వేసుకుని కాశారు. నలభయ్యో రోజున ఒకటి వచ్చింది, విరిగిన రెక్కతో, నడుచుకుంటూ. వీధి మలుపు తిరిగి గేటు కింద నుంచి దూరి మెట్లెక్కుతూ వచ్చింది. దాన్ని మొదట చూసింది ఆమే. అతని చెయ్యి పట్టుకుని లాగింది. అలాంటి మనిషి బ్యాగులోంచి దొంగతనం చేశావు. దొంగతనమే. రెక్క కత్తిరించడానికీ దీనికీ తేడా ఏముంది? వెళ్ళు, కిందికి వెళ్ళు, మెట్లు దిగు, జిప్పు తియ్యి, పెట్టెయ్యి. ఎంతసేపు?

"ఇక్కడున్నారా."

వెనక్కి తిరిగాడు. భార్య మెట్ల తలుపు దగ్గర నిలబడి ఉంది. ప్రయాణం బట్టలు వేసుకుంది, జుట్టు బిగించి ముడి వేసుకుంది, చెవి వెనకాల అలవాటు కొద్దీ ఎర్ర పెన్ను గుచ్చుకునే ఉంది. అతను చెయ్యి చాపి ఆ పెన్ను తీశాడు. ఇద్దరూ దాన్ని చూసి నవ్వారు.

"బ్యాగు అయిందా?"

"అయింది."

"ఏమిటలా ఉన్నారు? ఎండలో నిలబడ్డారా?"

"ఏం లేదు. మోకాలు జాగ్రత్త. పట్టీ పై అరలో పెట్టాను."

ఆమె గూటి దగ్గరికి వెళ్ళి, వలలోంచి వేలు పెట్టి ఎర్ర పెట్ట మెడ నిమిరింది. రేకుల తూట్లు తలెత్తి చూసింది. వేలితో ఒకటొకటే లెక్కపెట్టింది. "మీకొకటి చెప్పాలండీ. తిరిగొచ్చాక చెబుదామనుకున్నా, కానీ ఆగలేను. రేకులాయనతో మాట్లాడాను. మా ప్రెస్సులో పాఠ్యపుస్తకాల పని వచ్చింది, రాత్రి పని కూడా ఒప్పుకున్నాను. నేను వచ్చేలోపు కప్పంతా మార్చేస్తాడు. వచ్చే రెండేళ్ళూ మీవే. నాకు ఇదే ఆఖరి కొండ."

"ఆఖరా? ఎందుకు?"

"ఎందుకంటే ఏం చెప్పను. మిమ్మల్ని చూస్తుంటే తెలియడం లేదూ. నేను వెళ్ళే ముందు వారం రోజులు మీరు నిద్రపోరు. నాకు తెలియదనుకున్నారా? పక్కనే పడుకునేదాన్ని." ఆమె వేలు వలలోంచి తీసుకుంది. "ఈ ఒక్కటీ చూసొస్తాను. చెల్లి కూడా ఆశపడుతోంది. దానికి ఎడమ కన్ను సరిగ్గా ఆనదు, ఎవరికీ చెప్పదు, నాకు తప్ప. నేను ఎడమ పక్కనుంటే దానికి ధైర్యం."

 చెప్పెయ్యి. ఇదుగో, మర్చిపోయాను, అని కవరు చేతిలో పెట్టెయ్యి. కానీ ముప్ఫై ఏళ్ళలో ఎవరూ ఏదీ మర్చిపోలేదు. మర్చిపోవడం ఈ ఇంట్లో లేని అలవాటు. సర్దిన వస్తువు చొక్కా జేబులోకి ఎలా వచ్చిందని ఆమె అడగదు. అడగదు, అదే కష్టం. ఆమె చూస్తుంది. ఒక వాక్యంలో తప్పు ఎక్కడుందో చూసినట్టు, ఒక్క చూపు. ఆ చూపు తర్వాత రేకులాయన, రెండేళ్ళూ మీవే అన్న మాట, ముక్కాలిపీట, అన్నీ ఏమవుతాయి? ఇప్పుడు కాదు, కిందికి దిగాక. ఆమె ముందు దిగుతుంది, తను గదిలోకి వెళ్ళి, ఇంకోసారి పట్టీలు చూస్తానని చెప్పి, ఎవరూ చూడకుండా లోపల దోపేస్తాడు. అది సులువు. దొంగ పెట్టడం దొంగ తియ్యడం కంటే సులువే. ఈ ఆలోచన రాగానే ఒళ్ళు తేలికపడి, అప్రయత్నంగా నవ్వాడు. ఆమె కూడా నవ్వింది. ఇద్దరూ దిగారు.

గదిలో మంచం మీద బ్యాగు లేదు. దుప్పటి మీద అది కూచున్న గుంట మాత్రం ఉంది.

"మీ సామాను కార్లో పెట్టేశాను బావగారూ!" కిందనుంచి డ్రిల్లు టీచరు కేక. "డ్రైవరు తొందరపెడుతున్నాడు. అబ్బో, ఏం సర్దారండీ, అటూ ఇటూ చప్పుడే లేదు!"

మెట్లు ఎలా దిగాడో తెలియదు. గేటు బయట కారు వెనక డిక్కీ మూసి ఉంది, రెండు బ్యాగుల్లో ఒకదాని పట్టీ కొస బయటికి వేలాడుతోంది. డ్రైవరు గడియారం చూసుకుంటున్నాడు. భార్య పొరుగావిడతో ఏదో చెబుతోంది, పాలవాడి గురించో, కిటికీల గురించో. పట్టీ లోపల పెడతాను, డిక్కీ తియ్యవయ్యా అనొచ్చు. అను. పెదాలు కదిలాయి. అప్పుడే డ్రిల్లు టీచరు వచ్చి ఎదురుగా నిలబడింది. మెడలో ఈల దారం, మొహం నిండా చెమట, ఎడమ కన్ను కొంచెం తడిగా. వాచీ చూపించి, "అయిదు నిమిషాలిస్తున్నా. మీ పావురాల పద్ధతే కదా. మా అక్కని తనివితీరా చూసుకోండి, తర్వాత ఎగరేసుకుపోతాం" అంది. డ్రైవరు కూడా నవ్వాడు. పొరుగావిడ కొంగు అడ్డుపెట్టుకుంది. అందరూ అతని వైపే చూస్తున్నారు. భార్య సిగ్గుపడి, "నోరు మూసుకోవే" అంటూ దాని వీపు మీద ఒకటి వేసి, అతని దగ్గరికి వచ్చింది. అయిదు నిమిషాలు కాదు, అరనిమిషం కూడా కాలేదు. చొక్కా కాలరు సరిచేసింది. ఆమె మణికట్టు జేబుకి తగిలింది, జేబులో కాగితం చిన్నగా చప్పుడు చేసింది. ఆమెకి వినపడిందా? వినపడలేదు. వినపడిందేమో. ఆమె కళ్ళల్లోకి చూశాడు, అక్కడ ఏమీ లేదు, ప్రయాణం తప్ప.

"ఏమైనా చెప్పాలా?" అంది.

"లేదు. వెళ్ళిరా."

వెళ్ళి రా. ఆ మాటలో రెండో సగం మీద ఎంత బరువు వేశాడో. కారు కదిలింది. మలుపు దాకా చేతులు బయట పెట్టి ఊపారు ఇద్దరూ, కుడి కిటికీలోంచి ఒక చెయ్యి, ఎడమ కిటికీలోంచి ఒక చెయ్యి. మలుపు దగ్గర ఎదురుగా లారీ వచ్చి కారు ఆగింది. అక్కడిదాకా వంద అడుగులు. పరిగెత్తొచ్చు. అరవై రెండేళ్ళ వాడు వంద అడుగులు పరిగెత్తలేడా? కాలు ముందుకు పడింది, నిజంగానే పడింది, ఒక చెప్పు జారి మట్టిలో ఉండిపోయింది. మోకాలు, మంచు, రెండేళ్ళూ మీవే, మీకంటే ఆవిడ గుండె గట్టిది, నాలుగు రోజుల్లో వచ్చేస్తుంది, కోపంగా వస్తుంది, రానీ, కోపం తగ్గుతుంది, మనిషి ఉంటే కోపం తగ్గుతుంది, మనిషి లేకపోతే. లారీ పక్కకి తప్పుకుంది. పొడుగ్గా ఒక ఈల, పొట్టిగా రెండు. అతను వంగి చెప్పు తొడుక్కున్నాడు.

బుధవారం సాయంత్రం భార్య తిరిగి వచ్చింది. కింది శిబిరంలో ఆపేశారు. గుమ్మంలో బ్యాగు దించి, "మర్చిపోయినట్టున్నారు" అంది. ఇంకేమీ అడగలేదు. నేను లేకపోయినా నువ్వెళ్ళు అని చెల్లిని తనే పంపానని, అక్కడ పరిచయమైన ఎవరో ఆవిడతో చెల్లి తాడు కట్టుకుందని చెప్పింది. మరో రెండు రోజులకి రేకులాయన వచ్చి గూటి కప్పు మార్చాడు.

డ్రిల్లు టీచరు తిరిగి రాలేదు. మరుసటి వారం, మే పందొమ్మిది, మంగళవారం, పొద్దున తొమ్మిదికి ముందు, పై ఎత్తులో ఎడమ పక్కకి జారి పడిపోయింది.